ఆ ఆరంకెలు

కరెంటు బిల్లు కట్టాలంటే నేను ముందు మా ఆయనకు ఫోన్ చేయాలి. నీళ్ళ బిల్లుకైనా అంతే, గ్యాసుకైనా అంతే. ఆఖరికి ఆయన ఫోన్ బిల్లు కట్టాలన్నా ఆయనకే ఫోన్ చేయాలి. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. మధ్యాహ్నం భోజనాల వేళకు జనం పల్చబడతారు. అప్పుడు అద్దాలు సానపట్టే వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో బిల్లు తెరుస్తాను. అడిగినవన్నీ నింపి నొక్కుతాను. ‘మీ మొబైల్‌కు ఓటీపీ పంపించాం’ అంటుంది బ్యాంకు. వచ్చేది నా మొబైల్‌కు కాదు, ఊరికి అటు చివర ఆఫీసులో ఉన్న మా ఆయన మొబైల్‌కు. తెర మీద సెకండ్లు తరిగిపోతుంటాయి. అవి అయిపోయేలోగా నేను ఫోన్ చేయాలి, ఆయన ఎత్తాలి, ఆ ఆరంకెలు చదివి చెప్పాలి.

ఎత్తగానే ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ‘మళ్ళీ ఏం బిల్లు?’ అంటారు, ఆ బిల్లేదో నేను సరదాకి పుట్టించినట్టు. ‘పనిలో ఉన్నాను, సాయంత్రం చూద్దాంలే’ అంటారు. ‘ఒక్క నిమిషమండీ, ఆ నంబరు చెప్తే చాలు’ అని బతిమాలుతాను. సరే రాసుకో అని, నాకు అప్పుడే అంకెలు నేర్పుతున్నట్టు ఒక్కొక్కటీ ఆగి ఆగి చెబుతారు. ఈలోగా టైము అయిపోతుంది. మళ్ళీ పంపించమని నొక్కి మళ్ళీ ఫోన్ చేస్తాను. మా ఓనరు తలుపు సందులోంచి తల పెట్టి, ‘ఏమ్మా, మీ ఆయన్ని వదిలి కాసేపు ఉండలేవా?’ అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఏం చెప్పను? నా జీతమూ ఆయన జీతమూ పడే ఖాతాలోంచి మా ఇంటి కరెంటు బిల్లు కట్టడానికి నేను అనుమతి అడుక్కుంటున్నానని చెప్పనా? చల్లారిన అన్నం నాలుగు ముద్దలు గబగబా మింగి మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళిపోతాను.

ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం మా ఆయన మాట వేరుగా ఉంటుంది. ‘బిల్లులూ గిల్లులూ అన్నీ తనే చూసుకుంటుంది. నాకేమీ తెలీదు బాబూ. మా ఇంటి ఆర్థికమంత్రి తనే’ అంటారు, నా వైపు చెయ్యి చూపించి. అందరూ నవ్వుతారు. ఖజానా తాళం ఒకరి జేబులో, చాకిరీ ఇంకొకరి నెత్తిన ఉన్న ఆర్థికశాఖ ఎక్కడైనా ఉంటుందా అని నాకు అడగాలనిపించేది. అడగలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. గొంతు పెంచరు, చెయ్యి ఎత్తరు. నా చెల్లెలు అంటుంది, ‘బావగారు దేవుడే అక్కా, నువ్వెందుకలా ముఖం పెట్టుకుంటావు’ అని. దానికి ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు. నీళ్ళ బిల్లు గడువు ఎప్పుడో, గ్యాసు బండ ఎప్పుడు అయిపోతుందో, అత్తయ్య ఆరోగ్య బీమా ఎప్పుడు కట్టాలో, ఇవన్నీ కూర పొయ్యి మీద ఉడుకుతుంటే, బస్సులో నిలబడితే, ఎవరి కళ్ళకో అద్దాలు సరిచూస్తుంటే నా తలలో తిరుగుతూనే ఉంటాయి. ఒక్కటి మర్చిపోతే అందరికీ తెలుస్తుంది. అన్నీ గుర్తుంచుకుంటే ఎవరికీ తెలియదు.

ఇలా ఎందుకు మొదలైందంటే, మేమిద్దరం కలిపి ఖాతా తెరిచిన రోజున ఫారం ఆయనే నింపారు. ‘నా నంబరు కూడా ఇవ్వాలేమో’ అంటే, ‘ఒక ఖాతాకి ఒకే నంబరు. బ్యాంకు రూలు’ అన్నారు. బ్యాంకు రూలంటే మనమేం చేస్తాం. గాలీ వానా లాంటిదనుకుని సర్దుకున్నాను.

అత్తయ్యకు ఊపిరితిత్తుల జబ్బు. పగలు కాసేపు, సాయంత్రం కాసేపు ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలి. ఈ ఎండాకాలం కరెంటు బిల్లు గడువుకి ముందే కట్టబోయాను. ఆయన మీటింగులో ఉన్నానన్నారు. సాయంత్రం అడిగితే ఫోను చార్జింగులో ఉందన్నారు, తర్వాత చూద్దామన్నారు. గడువు దాటింది. కనెక్షన్ తీసేస్తామని హెచ్చరిక వచ్చింది. ఆఖరు రోజున ఆయన ట్రైనింగుకని పక్క ఊళ్ళో ఉన్నారు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇద్దరి కార్డులూ ఆయన పర్సులోనే ఉంటాయి. ఓనరు దగ్గర చేబదులు తీసుకుని పరుగెత్తాను గానీ, కరెంటు ఆఫీసులో అప్పటికే కౌంటరు మూసేశారు.

మర్నాడు నేను ఆ డబ్బు కట్టడానికి వరసలో నిలబడి ఉండగానే, మధ్యాహ్నం కరెంటు తీసేశారు. అత్తయ్య మిషను ఆగిపోయింది. పక్కింటి దర్జీ తన కుట్టుమిషను ప్లగ్గు పీకి, కిటికీలోంచి వైరు లాగి, మా మిషనుకు తగిలించాడు. నేను వెళ్ళేసరికి అత్తయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ ఆయాసంలోనే, ‘బిల్లు కట్టడం మర్చిపోయావా అమ్మాయ్?’ అంది. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మర్చిపోలేదత్తయ్యా, నీ కొడుకు ఫోన్ ఎత్తలేదు అని నోటిదాకా వచ్చింది. ఊపిరి అందని మనిషితో ఆ మాటేం అంటాం.

ఊరి నుంచి రాగానే మా ఆయన కూడా అదే అన్నారు, కొంచెం వేరేగా. ‘ఒక్క కరెంటు బిల్లు. దానికి ఇంతదూరం తేవాలా?’ నేను ఆయన ఫోన్ తీసి, నేను చేసిన ఫోన్లు వరసగా చూపించాను. ఆయన చూసి, ‘ఏదో మామూలుగా చేస్తున్నావనుకున్నా’ అన్నారు. ఆపైన, ‘అసలు ఈ బ్యాంకే దండగ. బిల్లులు తేలిగ్గా కట్టుకునే బ్యాంకు ఏదో చూడు. నీకు వీలుగా ఉండేది. ఫారాలు తెచ్చి పెడితే సంతకం పెడతాను’ అన్నారు. అంటే బ్యాంకు వెతికే పని కూడా నాదే.

వెతికాను. సెలవు దొరికిన రోజు ఒకటి, భోజనం మానేసిన మధ్యాహ్నాలు కొన్ని. ఒక బ్యాంకులో కౌంటరు దగ్గరతను అంతా విని, ‘సార్‌ని కూడా తీసుకురండి మేడమ్, అప్పుడు వివరంగా చెప్తాం’ అన్నాడు. ఇంకో బ్యాంకులో సోఫాలున్నాయి, మంచినీళ్ళిచ్చారు. ప్రతి బిల్లుకూ చార్జీ ఉందని మాత్రం ఆఖర్న చెప్పారు. మందుల షాపుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న బ్యాంకులో ఒకావిడ కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడింది. ‘బిల్లులన్నీ ఒకసారి నమోదు చేసుకుంటే గడువుకి వాటంతటవే కట్టుకుంటాయండీ. మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు’ అంది. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఆవిడ కళ్ళజోడు మాటిమాటికీ జారుతోంది. ముక్కు మీద ఆనే ప్యాడ్ ఒకటి వంగిపోయింది. చెయ్యి ఊరుకోక, ‘ఒకసారి ఇలా ఇవ్వండి’ అని తీసుకుని వేళ్ళతో సరిచేసి ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని తల అటూ ఇటూ ఆడించి, ‘అబ్బ, ప్రాణం హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ దీన్ని తోసుకుంటూ బతికాను’ అని నవ్వింది.

తర్వాత, ‘ముందు మీ వివరాలు ఎక్కిద్దాం. మీ మొబైల్ నంబరు చెప్పండి’ అంది. గడగడా చెప్పాను. ఆవిడ ఎక్కించి, ‘మీకు ఓటీపీ వచ్చుంటుంది, చదవండి’ అంది. నా చేతిలో ఫోను మెదలలేదు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. అంతలో అది మోగింది. మా ఆయన. ‘నాకేదో కొత్త బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చింది. ఏం చేస్తున్నావక్కడ?’

‘మీ నంబరు అడిగానండీ’ అంది ఆవిడ, నేను ఫోన్ పెట్టేశాక, మెల్లగా. అప్పుడు నాకు తెలిసింది. పిల్లాడి స్కూల్లో, ఆసుపత్రిలో, గ్యాసు ఆఫీసులో, ఎక్కడ ఎవరు నంబరు అడిగినా ఆయన నంబరే చెప్పి చెప్పి, నా నంబరు నాకు నోటికి రాకుండా పోయింది. అది కావాలంటే ఫోన్ తెరిచి వెతుక్కోవాలి. ఒక పరాయి మనిషి ముందు కూర్చుని నా నంబరు నేను వెతుక్కుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే అడిగేశాను, ‘కలిపి తెరిస్తే ఒకే నంబరు కదండీ పెట్టేది?’ అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ‘ఎవరు చెప్పారు? ఎవరి లాగిన్ వాళ్ళకే ఉంటుంది, ఎవరి ఓటీపీ వాళ్ళకే వస్తుంది. మీకు ఇప్పుడు ఖాతా ఉన్న బ్యాంకులోనూ అంతే. ఒక కాగితం రాసిస్తే మీ నంబరు ఎక్కిస్తారు.’

ఆ సాయంత్రం ఆయన టీవీ ముందు సాక్సు విప్పుతున్నారు. అత్తయ్య ముక్కుకు గొట్టం పెట్టుకుని కుర్చీలో ఉంది. నేను మిషనులో నీళ్ళు మారుస్తూ అడిగాను. ‘ఒకే నంబరు పెట్టాలన్నది బ్యాంకు రూలు కాదటగా?’

‘ఏ రూలు?’ అన్నారు. గుర్తుచేశాను. ‘ఓ, అదా. అలా అన్నానా? రెండు ఫోన్లకీ వస్తే గందరగోళం కదా. నా దగ్గరుంటే ఏది ఎటు పోతోందో ఒక కన్ను వేసి ఉంచొచ్చని.’

‘నా మీదా?’

‘ఛ, నీ మీదేంటి. డబ్బు మీద.’ ఆ తేడా చెబితే నేను సంతోషిస్తాననుకున్నట్టు నవ్వారు. ‘అలవాటైపోయింది, అంతే. దీనికింత ఆలోచనెందుకు?’

నీళ్ళ డబ్బా మూత బిగించాను. ఆయన వేసి ఉంచిన ఆ కన్ను ఇన్నేళ్ళలో ఏం చూసి ఉంటుందా అని ఆలోచించాను. నీళ్ళ బిల్లు. గ్యాసు. ఆయన బండికి ఇన్సూరెన్సు. వాళ్ళమ్మ మందులు. మా అబ్బాయి స్కూలు ఫీజు. ఆయన ఫోను. నాకంటూ ఒక చీర కొన్న ఓటీపీ, ఒక సినిమాకి వెళ్ళిన ఓటీపీ ఆయనకు ఏనాడూ వచ్చి ఉండదు. ఎందుకంటే నాకేమైనా కావాలనిపించిన ప్రతిసారీ ఆ నిట్టూర్పు గుర్తొచ్చి మానుకున్నాను. కోపం కంటే ముందు నాకు నా మీద జాలి వేసింది. లేని రూలుకు ఇంత బుద్ధిగా తలవంచి బతికానే అని ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను కూడా.

మళ్ళీ ఆ చిన్న బ్యాంకుకు వెళ్ళాను. నా ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచాను. ఆరంకెలు నా చేతిలో ఉన్న ఫోన్‌కు వచ్చాయి. నేనే చదివాను, నేనే నొక్కాను. అంతకుమించి ఏమీ కాలేదు. ఉరుములు ఉరమలేదు. ‘ఏ బిల్లులు కలపమంటారు?’ అంది కళ్ళజోడు ఆవిడ. చాలాసేపు ఆలోచించి ఒక్క కరెంటు బిల్లు కలపమన్నాను. మా ఓనరుకు కొత్త ఖాతా నంబరు ఇస్తే, ‘ఇక మీ ఆయనకు ఫోన్లు ఉండవన్నమాట’ అన్నాడు. ఉండవన్నాను.

ఆదివారం భోజనం చేస్తూ మా ఆయనే ఆ మాట ఎత్తారు. ‘ఇంతకీ కొత్త బ్యాంకు సంగతేమైంది? బిల్లులు తేలిగ్గా కట్టొచ్చా?’

‘చాలా తేలిక. అందులో నా పేరు మీద ఖాతా తెరిచాను. ఈ నెల నుంచి నా జీతం అందులో పడుతుంది.’

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ‘నాకొక మాట చెప్పొద్దా?’

‘ఇప్పుడు చెబుతున్నాగా. కరెంటు బిల్లు ఒక్కటి అందులోంచి నేను కడతాను. అత్తయ్య ఊపిరి దాని మీద ఉంది కాబట్టి, అది ఎవరి మీదా వదలను. మిగతా ఖర్చుల్లో నా వాటా నెల మొదట్లోనే మీకు పంపించేస్తాను. బిల్లులు మీరు కట్టండి. ఆ నంబరు మీ ఫోన్‌కే వస్తుంది కదా, నన్ను అడగాల్సిన పని కూడా లేదు.’

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ తింటోంది. ఆవిడ తల ఎత్తలేదు. ఆయన కాసేపు అన్నం కెలికి, ఈసారి నిజంగానే కంగారుగా అడిగారు. ‘ఏది ఎప్పుడు కట్టాలో, ఎక్కడ కట్టాలో, నాకెలా తెలుస్తుంది?’

‘నాకు మాత్రం ఎవరు చెప్పారండీ?’ అన్నాను.