చదవడమంటే కూర్చోవాలి

"కథలో ఏనుగు మాట్లాడేటప్పుడు గొంతు ఎలా మారుస్తావో ఓసారి చెప్పు," అన్నాడు మా ఆయన, గిన్నెలు తోముతున్న నా వెనక నిలబడి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన ఏదైనా నేర్చుకోవడానికి వంటింట్లోకి రావడం ఇదే మొదలు.

రేపు పాప క్లాసులో కథ చదివి వినిపించడానికి ఆయన్ని రమ్మన్నారు. "మీ ఇంట్లో పుస్తకాలు చదివేది ఎవరు?" అని టీచర్ అడిగితే, నా కూతురు, నా బంగారుతల్లి, "నాన్న" అని చెప్పి వచ్చింది.

ఆసుపత్రి కౌంటర్లో పొద్దుటి నుంచి రోగుల పేర్లు పిలిచి పిలిచి, ఇంటికొచ్చేసరికి నా గొంతు జీరబోయి ఉంటుంది. అయినా రోజూ చదువుతాను. పాప వంటింటి గట్టు మీద కూర్చుని పుస్తకం నాకేసి తిప్పి పట్టుకుంటుంది. నేను కూరగాయలు తరుగుతూ చదువుతాను. పేజీ అయిపోతే గడ్డంతో సైగ చేస్తాను, తిప్పుతుంది. ఒళ్ళు పులిసిపోయిన రోజు రెండు పేజీలు మింగేస్తే, "మధ్యలో తోడేలు ఏమైంది?" అని నిలదీస్తుంది. "పిల్లకు కథలు, మాకు మాడిన కూరలు," అని హాల్లోంచి అత్తగారు. "కథలే కదా, అదేమన్నా చదువా," అని ఈయన. అన్నీ పడ్డాను. పాపకు తెలుసు కదా, అది చాలనుకున్నాను. దానికీ తెలియదట.

"రోజూ నీకు చదివేది నేను కాదా?" అని గట్టు మీదున్న పాపను అడిగాను. ఏడుపొచ్చింది, నిజం చెప్పాలంటే.

అది బిత్తరపోయింది. "నువ్వు వంట చేస్తావు కదమ్మా. నాన్నయితే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతాడు. చదవడమంటే కూర్చోవాలి కదా," అంది.

అబద్ధమాడలేదు పిచ్చిది. నేను కూర్చోగా అది చూసిందెప్పుడు?

"దాని మాటలకేంగానీ, చెప్పవేంటి? రేపే కదా," అన్నాడాయన.

చేతులు తుడుచుకుని, పాపను గట్టు మీంచి దించి హాల్లోకి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీలో పడున్న పేపరు తీసి కింద పెట్టి, కూర్చున్నాను. పాపను పక్కన ఇరికించుకుని, దాని చేతిలోని కథల పుస్తకం తెరిచాను. నడుము నొప్పి ఒక్కసారిగా తెలిసింది. ఆయన వెనకాలే వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"పొయ్యి మీద కూర ఏమైందమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"మీ అబ్బాయిని చూడమనండి," అన్నాను. "నేను చదువుతున్నాను."