తొమ్మిదో అంశం

ఆ ప్రాథమిక పాఠశాల ఆఫీసు గదిలో పంతొమ్మిదేళ్లుగా ఒకే గుమాస్తా ఉంటోంది. ఒక్క పాఠమూ చెప్పకపోయినా పిల్లలు ఆమెను ‘ఆఫీసు టీచరు’ అనేవాళ్లు. గేటు తాళం, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం, దోక్కుపోయిన మోకాళ్లకు మందు, ఊడిన గుండీలకు సూదీ దారం, అన్నీ ఆమె బల్ల సొరుగులోనే ఉండేవి. వీటన్నిటికంటే ఆమె ప్రాణం పెట్టి చేసే పని ఒకటుంది. అది ప్రతి శుక్రవారం ప్రతి పిల్ల సంచిలోనూ ఇంటికి వెళ్లే సమాచార పత్రం.

అటూ ఇటూ రెండు పేజీలు. సెలవులు, టీకాలు, యూనిఫాం సంగతులు, చివర్లో గేటు ముందు పిల్లలు రోడ్డు దాటే తెల్లగీతల మీద బండ్లు నిలపవద్దన్న విన్నపం. ఆ విన్నపాన్ని ఆమె ‘దయచేసి’ అని రాసింది, ‘దయయుంచి’ అని రాసింది, ఒక వారమైతే చుట్టూ డబ్బా గీసి మరీ రాసింది. బండ్లు మాత్రం ఆ గీతల మీదే ఆగేవి. పిల్లల్ని రోడ్డు దాటించే ఈలత్త పొద్దున్నే ఈల ఊదీ ఊదీ, మధ్యాహ్నానికి బుగ్గలు పట్టుకుని కూర్చునేది.

ఒక గురువారం టీకాలు వేసేవాళ్లు వచ్చారు. మధ్యాహ్నం కల్లా ఆఫీసు ఫోను పదకొండుసార్లు మోగింది.

“ఇవాళ టీకాలని మాకెవరూ చెప్పలేదే?” అన్నాడు పదకొండో తండ్రి.

“మూడు వారాల నుంచీ పత్రంలో రాస్తూనే ఉన్నానండీ.”

“ఏ పత్రం?”

ఆమెకు కడుపు మండిపోయింది. మర్నాడు పొద్దున పత్రం టైపు చేస్తూ ఎనిమిది అంశాలూ ఎప్పటిలాగే పూర్తి చేసి, ఒక్క క్షణం కిటికీలోంచి తెల్లగీతల వైపు చూసింది. తర్వాత చకచకా తొమ్మిదోది కొట్టింది.

‘9. సోమవారం ఉదయం గేటు వద్ద తల్లిదండ్రుల శుభ్రత కూడా పరిశీలించబడును. దువ్విన తల, సరిగా పెట్టిన గుండీలు, తీసిన గోళ్లు తప్పనిసరి. తెల్లగీతల మీద బండి నిలిపినవారు అక్కడే నిలబడి ఏడో ఎక్కం అప్పజెప్పవలెను.’

పెద్దమేడం అంటే హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఫోన్లో ఎవరితోనో బల్లల మరమ్మతు గురించి మాట్లాడుతూనే, ఎప్పటిలాగే చూపుడువేలితో సంతకం పెట్టాల్సిన చోటు వెతుక్కుని గిలికేసింది. సాయంత్రానికి రెండువందల పదహారు పత్రాలు సంచుల్లోకి చేరాయి. గుమాస్తా ఈ సంగతి ఈలత్త చెవిలో మాత్రం వేసింది.

“ఎవరు చదువుతారమ్మా,” అంది ఈలత్త. “మా వీధిలో పిల్లలు వాటితో విమానాలు చేస్తారు. బాగానే ఎగురుతాయి.”

కానీ చదివే మనిషి ఒకరున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతెకు బామ్మ ఉంది. మందుసీసాల మీది చీటీలు మొదలు కరెంటు బిల్లు వెనకవైపు దాకా, అక్షరమన్నది కనిపిస్తే వదలదు. శనివారం పొద్దున భూతద్దం పెట్టుకుని పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివి, తొమ్మిదో అంశం దగ్గర ఆగి, రెండోసారి చదివి, కోడలిని కేకేసింది. కోడలు దాన్ని ఫోటో తీసి తల్లుల గ్రూపులో పెట్టింది. తల్లులు తండ్రులకు పంపారు. ఆదివారమంతా ఎన్ని ఇళ్లల్లో గోళ్లు రాలాయో లెక్కలేదు. ఆ గ్రూపులో గుమాస్తా లేదు కాబట్టి ఇదేమీ ఆమెకు తెలియదు.

సోమవారం ఉదయం కిటికీ తెరిచిన గుమాస్తాకు తన కళ్లను తానే నమ్మబుద్ధి కాలేదు. తెల్లగీతలు కడిగిన పలకలా ఖాళీగా ఉన్నాయి. బండ్లన్నీ వీధి మలుపులో బుద్ధిగా నిలబడ్డాయి. రోజూ లుంగీతో వచ్చే ఒక తండ్రి ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, తడి తల దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఒకావిడ మొగుడి పై గుండీ పెడుతోంది, ఆయన ఊపిరాడక మెడ చాస్తున్నాడు. ఇంకొకాయన చేతులు జేబుల్లోంచి తియ్యడం లేదు.

అప్పుడొచ్చాడు మందుల షాపాయన. ఎప్పుడూ ఆలస్యమే. కారు సరిగ్గా తెల్లగీతల మీదే ఆపి కూతుర్ని దించాడు. మనవరాలిని దింపడానికొచ్చిన బామ్మ నెమ్మదిగా వెళ్లి కారు ముందు నిలబడింది.

“బాబూ, ఏడో ఎక్కం.”

“ఏమిటండీ?”

“పత్రం చదవలేదా? నిలబడి అప్పజెప్పాలి. పిల్లలు చూస్తున్నారు, కానివ్వు.”

చుట్టూ చూస్తే నలభైమంది పిల్లలు చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఏడేడ్లు నలభై తొమ్మిది దాకా గుర్రంలా పరిగెత్తాడు. ఏడు ఎనిమిదుల దగ్గర ఆగి నీళ్లు నమిలాడు.

“యాభై ఆరు నాన్నా,” అంది కూతురు తలదించుకుని.

“అందించకూడదమ్మా,” అంది బామ్మ.

కిటికీ దగ్గర గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది. కళ్లు తుడుచుకుని తలెత్తేసరికి, రోడ్డుకు అవతల ఆగి ఉన్న సామాన్ల లారీ పక్కన ఒక మనిషి కనిపించింది. ఒకటో తరగతి పిల్ల తల్లి, లాండ్రీలో పనిచేస్తుంది. మోచేతుల దాకా తడిసిన పని బట్టల్లో, లారీ చాటున నక్కినట్టు నిలబడి, కూతురి భుజం తట్టి చెయ్యి వదిలేసింది. పిల్ల ఒక్కతే రోడ్డు మీద అడుగుపెట్టింది. తెల్లగీతలు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. ఈలత్త కూడా ఎక్కం వింటోంది.

గుమాస్తా ఎలా మెట్లు దిగిందో, గేటు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. “ఈల, ఈల” అని అరుస్తూ పరిగెత్తింది. ఈలత్త తుళ్లిపడి ఊదిన ఊపుకి ఒక వ్యాను కీచుమని ఆగింది. పిల్లకూ వ్యానుకూ మధ్య దూరం చాలానే ఉంది. అయినా గుమాస్తా ఆగలేదు. పిల్లను ఎత్తుకుని లారీ దగ్గరికి వెళ్లింది.

“రోజూ గేటు దాకా తెస్తావు కదమ్మా. ఇవాళ ఎందుకిలా వదిలావు?”

తల్లి తడి చేతులు వెనక్కి దాచుకుంది. “గేటు దగ్గర బట్టలు చూస్తారటగా టీచరుగారూ. నేను తెల్లారుజాము డ్యూటీ నుంచి ఇటే వచ్చాను. అందరి ముందూ నా పిల్ల చిన్నబోతుందని.”

గుమాస్తా పిల్లను కిందికి దించింది.

“అది ఉత్తిదమ్మా. నేనే రాశాను, సరదాకి.”

“సరదాకా?”

“సరదాకే. తప్పయిపోయింది.”

ఆ తల్లి పిల్ల చెయ్యి అందుకుంది. “ఆ చీమల్లాంటి అక్షరాలు నేనెప్పుడూ చదవలేదండీ, అంత తీరికెక్కడిది. పై వాటా ఆవిడ చెబితే విన్నాను. మా పాప బడిలో చేరాక ఆ కాగితంలో సంగతి నాకు తెలిసింది ఇదొక్కటే.” ఆ మాటకు తనకే ఎందుకో నవ్వొచ్చినట్టుంది, పెదవి కొరుక్కుంది. గుమాస్తా మాత్రం నవ్వలేదు.

పది గంటలకు పెద్దమేడం పిలిపించింది. పత్రం బల్ల మీద పరిచి ఉంది.

“ఇదెవరు రాశారు?”

“నేనేనండీ.”

“ఎవర్ని అడిగి?”

“కింద మీ సంతకం ఉందండీ.”

పెద్దమేడం కాగితం తిప్పి చూసుకుంది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది. సంతకం అక్కడే ఉంది. “మందుల షాపాయన ఫిర్యాదు చేశాడు,” అంది చివరికి.

“ఏమనండీ?”

“మిగతా రెండు మెట్లూ తనకు వచ్చునట. ఆ ముసలావిడ చెప్పనివ్వలేదట.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కిటికీ వైపు తిరిగారు. పెద్దమేడం భుజాలు కదులుతున్నాయి. అప్పుడు గుమాస్తా లారీ సంగతి చెప్పింది, ఏదీ దాచకుండా. భుజాలు ఆగిపోయాయి.

“పాపకేం కాలేదుగా?”

“లేదండీ.”

“నేను చదివుంటే కొట్టేసేదాన్ని,” అంది పెద్దమేడం మెల్లగా. “చదవలేదు. నీ తప్పులో సగం నాది. శుక్రవారం క్షమాపణ రాయి. ఈసారి నేను చదివాకే అచ్చుకు పంపుదువుగాని.”

శుక్రవారం పత్రం ఐదంటే ఐదు పంక్తులైంది, పెద్ద పెద్ద అక్షరాలతో. మొదటిది క్షమాపణ, రెండోది తెల్లగీతలు, మూడోది బుధవారం వచ్చే పళ్ల డాక్టరు. పెద్దమేడం రెండుసార్లు చదివి ఒక దీర్ఘం సరిచేసి మరీ సంతకం పెట్టింది. బామ్మకు మాత్రం ఇది అన్యాయంగా తోచింది. వారమంతా ఈ ఐదు పంక్తులతో ఎలా గడపాలని గేటు దగ్గరే నిలదీసింది.

బడి వదిలే వేళ గుమాస్తా గేటు పక్కన స్టూలెక్కి ఆ ఐదు పంక్తులూ గట్టిగా చదివి వినిపించింది. లాండ్రీ ఆవిడ పని బట్టల్లోనే వచ్చి అందరికంటే ముందు నిలబడింది.

“పళ్ల డాక్టరంటే మా పాపకు భయం. పక్కన నేను ఉండొచ్చా?”

ఆ సంగతి గుమాస్తాకు తెలియదు. స్టూలు దిగి లోపలికి వెళ్లి పెద్దమేడాన్ని అడిగి వచ్చింది. “ఉండొచ్చట.”

“మరి అది కూడా రాయొచ్చుగా?”

గుమాస్తా పత్రాన్ని గేటు రేకుకు ఆనించి, చెవి వెనకున్న కలం తీసి, ఆరో పంక్తి రాయడం మొదలుపెట్టింది.