‘ఏమో’ అన్న జవాబు

ఆ ప్రసూతి ఆసుపత్రి ముందుగదిలో ఇప్పుడు తోపులాట లేదు. గర్భిణులు ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చాట్‌బాట్‌కు తమ బాగోగులు చెప్పుకుంటున్నారు. అది ప్రశ్నలు అడుగుతుంది. జవాబును బట్టి ధైర్యం చెబుతుంది, లేదా నర్సుకు కబురు పంపుతుంది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గ పనే. కానీ గొంతు వినిపించనివాళ్లకు బాధ లేదనుకోవడం మన సమాజానికి ఎప్పటినుంచో ఉన్న జబ్బు.

ఆ బాట్‌ను తయారుచేసింది అక్కడి పెద్ద నర్సు ఆడపడుచు.

ఒకరోజు పొద్దున్నే, బట్టలు కుట్టే ఒక గర్భిణిని అత్తగారు పట్టుబట్టి వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిదో నెల.

“బాట్ అంతా బాగుందనే చెప్పిందటగా, మళ్లీ ఎందుకొచ్చారమ్మా?” అంది ముందుగదిలోని అమ్మాయి.

“దానికేం తెలుసు తల్లీ! అదేమన్నా కన్నదా, పెంచిందా?” అంది అత్తగారు.

పెద్ద నర్సు కోడలి పొట్టమీద చెయ్యి వేసింది, బిడ్డ గుండె చప్పుడు విన్నది, వెంటనే డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది. ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని స్కాన్‌లో తేలింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. గుప్పెడంత బిడ్డ, పిల్లికూనలా ఏడ్చింది. గండం గడిచింది.

తర్వాత నర్సు ఆ తల్లి ఫోన్‌ను ఆడపడుచుకు చూపించింది. “బిడ్డ నిన్నటికంటే తక్కువ కదులుతోందా?” అని బాట్ అడిగింది. “ఏమో అండీ, సరిగా తెలియడం లేదు” అని ఆమె రాసింది. “సంతోషం. వచ్చే పరీక్షకు రండి” అని బాట్ జవాబిచ్చింది.

ఆడపడుచు ముఖం పాలిపోయింది.

“వదినా, జవాబు ‘అవును’తో సమానమైతే నీకు కబురు పంపమన్నాను. సమానం కాకపోతే అంతా క్షేమమే అనుకోమన్నాను. ‘లేదు’ అన్నవాళ్లూ ‘ఏమో’ అన్నవాళ్లూ నాకు ఒకటే అయిపోయారు.”

“కావాలని చేశావా ఏంటి, ఊరుకో.”

“కావాలని చేయకపోతే మాత్రం? ఆ అత్తగారు పట్టుబట్టకపోతే ఏమయ్యేది?”

తిన్నగా వార్డుకు వెళ్లి ఆ తల్లికి క్షమాపణ చెప్పుకుంది.

“నాకే సరిగా చెప్పడం రాలేదేమో మేడమ్” అంది ఆమె.

ఆ మాటకు ఆడపడుచు కళ్లు చెమ్మగిల్లాయి. “మీరు సరిగానే చెప్పారక్కా. దానికే వినడం రాలేదు. నేర్పాల్సింది నేను.”

అప్పటినుంచి కొన్నాళ్లు రోజూ వచ్చి గర్భిణుల పక్కన కూర్చుంది. “కాస్త బద్ధకంగా ఉన్నాడు” అని ఒకరు, “అలిగినట్టుంది” అని ఒకరు... కదలిక తగ్గిందని చెప్పడానికి ఎన్ని మాటలో! ఆమె బాట్‌కు పెట్టిన షరతులన్నీ తిరగరాసింది. స్పష్టంగా ‘లేదు’ అంటేనే బాట్ తర్వాతి ప్రశ్నకు వెళుతుంది. మరే జవాబు వచ్చినా, రాకపోయినా, నర్సుకు కబురు అందుతుంది.

ఆసుపత్రి మేనేజరు గొణిగాడు. “చీటికీమాటికీ నర్సులే మాట్లాడాలంటే ఇక బాట్ ఎందుకు?”

డాక్టరమ్మ సిబ్బంది అందరి ఎదుటా ఆ ఆడపడుచు భుజం తట్టింది.

“నర్సులు ముందుగా ఎవరితో మాట్లాడాలో చెప్పడానికండీ. తప్పు దిద్దుకోవడానికి చదువొక్కటే చాలదు, మనసుండాలి. అది ఈ పిల్ల దగ్గర నిండుగా ఉంది. అవునో కాదో చెప్పగలిగినవాళ్లకు యంత్రం చాలు. ఏమీ తేల్చి చెప్పలేనివాళ్ల దగ్గరికి మాత్రం మనిషే ముందు వెళ్లాలి.”