తాడు పైకెత్తి లాగితే

అనూరాధ మొదటిసారి మా ఇంటికి వచ్చిన సాయంత్రం నేను వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను. ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, తప్పు చేసి వచ్చినట్టు మెల్లగా వినిపించింది.

"నాలుగు లెక్కలు రావట్నేదు సార్. క్లాసులో అడగనేకపోయేను."

మా ఆయన ఎజ్రా శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. ఆ పిల్ల కళింగపట్నం దాటాక వచ్చే మత్స్యకారుల పల్లె నుంచి రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి వస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి ఏడాది మెకానిక్స్ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా తప్పితే క్రెడిట్లు చాలక మూడో ఏడాదిలోకి పంపరు. అలా అయితే చదువు మానిపించి తనతో పాటు చేపలమ్మడానికి తీసుకుపోతానని తల్లి చెప్పిందట. ఇవన్నీ ఆ పిల్ల మా ఆయనతో చెబుతుంటే లోపల కూర్చుని విన్నాను.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ ఎవరి వస్తువో తీసుకున్నట్టు ఉంటుంది నాకు. పెళ్ళికి ముందు పాతపట్నంలో మిషన్ బడిలో ఒక్క ఏడాది పాఠాలు చెప్పాను. పెళ్ళయ్యాక మా అత్తగారు జ్ఞానసుందరి, "ఇంట్లో ఒకలు పాఠం సెప్తే సాలదేటమ్మా" అన్నారు. అంతే, మానేశాను. ఎజ్రా చదివింది ఎలక్ట్రికల్. కాలేజీలో మనుషులు లేక మెకానిక్స్ కూడా ఆయనకే అంటగట్టారు. అప్పటినుంచి సాయంత్రాలు ఆయన ఒక కాగితం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "ఇది కాస్త చూడు షీబా" అనేవారు. కుక్కర్ కూతల మధ్య చేసి ఇచ్చేదాన్ని. ఆయన తన దస్తూరీతో తిరగరాసుకునేవారు. ఒకసారి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో 'ఎజ్రా సార్ నోట్స్' అని కట్టలు కట్టి ఉంటే చూసి మురిసిపోయాను. నా లెక్కల మీద ఆయన పేరు ఉండడం కంటే ఆ మురిసిపోవడమే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆ రోజు లెక్క మాత్రం ఆయన నాకు చూపించనిది. మూడు వందల న్యూటన్ల బరువున్న పెట్టెను నేల మీద తాడు కట్టి ముప్పై డిగ్రీలు పైకి లాగాలి. రాపిడి గుణకం పాయింట్ మూడు. ఎంత బలం కావాలి? ఆయన, నేల మీద పడే భారం మూడు వందలే అని మొదలుపెట్టి నూటనాలుగు అని తేల్చారు.

"పుస్తకంలో ఎనబై ఎనిమిది పాయింట్ ఆరు ఉంది సార్" అంది అనూరాధ.

"ప్రింటు తప్పు."

పేజీలు తిప్పిన చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల అంది, "తాడు పైకెత్తి లాగితే బరువు తగ్గుతాది కదండి సార్. మా పడవ ఒడ్డుకి లాగినప్పుడు అలాగే లాగుతాం. నేలకి తాడు ఆనించి లాగితే కదలదు."

ఎజ్రా నవ్వారు. "పడవలు లాగడం వేరు, ఇంజనీరింగ్ వేరమ్మా. ఇక్కడ కండబలం కాదు, ఫార్ములా."

చేతిలో గోరుచిక్కుడుకాయతోనే లేచాను. ఆ పిల్ల చెప్పిందే సరి. తాడు పైకి లాగే బలం నేల మీది భారాన్ని కొంత మోస్తుంది. అప్పుడు రాపిడి తగ్గుతుంది. పుస్తకంలో జవాబు తప్పు కాదు. నేను గుమ్మం దగ్గర తెర పక్కకు తీసేసరికి అనూరాధ తన నోట్సులో రాసుకున్నదాన్ని రబ్బరుతో తుడుస్తోంది. అది సరైన లెక్కే. కాగితం చిరిగేంత గట్టిగా తుడుస్తోంది.

ఎజ్రా తలెత్తి, "ఏం షీబా?" అన్నారు.

నాలుగేళ్ళ కిందట వాళ్ళ హెచ్చోడీ భోజనానికి వచ్చినప్పుడు ఎజ్రా చెప్పిన ఏదో మాటకు నేను "కాదండీ" అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు ఆయన నాతో వాళ్ళమ్మ ద్వారానే మాట్లాడారు. "మనుసుల ముందు మొగుణ్ణి దిద్దుతారేటమ్మా. నీకు తెలిసినట్టు ఊరందరికీ తెలియాలేటి" అన్నారు అత్తగారు. ఆ మూడు వారాలూ నా కళ్ళ ముందు తిరిగాయి. అదొక్కటే అయితే ఈ సిగ్గు కొంత తగ్గేది. మరొకటి కూడా ఉంది. నాకు చూపించకుండా చేసుకున్నారుగా, తప్పైతే అవనీ అని మనసులో ఒక మూల అనుకున్నాను. ఆ మూలలో ఆ పిల్ల కూడా ఉందని నాకు తోచలేదు.

"టీ పెట్టనా అని" అన్నాను.

ఆ పిల్ల వెళ్ళాక చెప్పాను. ఆయన కాగితం వైపు చాలాసేపు చూసి, "రేపు చెప్తాలే" అన్నారు. మర్నాడు అడిగితే, "ఒక్క లెక్కకి ఇంత గొడవేంటి, సందర్భం వస్తే చెప్తాను" అన్నారు. అనూరాధ ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ గ్లాసు నీళ్ళు చేతికిచ్చాను. ఒక్క మాట చాలు. ఆ గ్లాసుతో పాటు ఇవ్వగలిగేదాన్ని. ఇవ్వలేదు.

ఫలితాలు వచ్చిన వారానికి తల్లిని తీసుకుని వచ్చింది. తల్లి పేరు లక్ష్మణమ్మ. గుమ్మం బయటే నిలబడి అరిటాకులో చుట్టిన సందువ చేపలు నాకు అందించింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రెండు మార్కుల్లో పోయిందమ్మా. సారు అంత ఓపిగ్గా సెప్పినా దీని బుర్రకి ఎక్కనేదు. మీ టైము పాడు సేసింది. ఏటీ అనుకోకండి" అంది.

అనూరాధ నేల చూస్తూ అంది, "తాడు లెక్కే వచ్చింది సార్. మీరు సెప్పినట్టే సేసేను."

ఎజ్రా ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. చేపల చల్లదనం నా అరచేతుల్లోకి దిగుతోంది. పిల్ల తెలివితక్కువదని చెప్పి క్షమాపణ అడుగుతూ ఒక తల్లి నాకు చేపలిస్తోంది. నేను తీసుకున్నాను కూడా.

"తప్పు అనూరాధది కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ రోజు తను చెప్పిందే సరి. సారు చెప్పింది తప్పు. నాకు అప్పుడే తెలుసు."

లక్ష్మణమ్మ నా మొహంలోకి చూసింది. "తెలిసి సెప్పనేదా అమ్మా?"

"లేదు."

"ఎందుకమ్మా?"

ఏం చెప్పను? మా ఇంట్లో మూడు వారాల మౌనానికి భయపడి మీ పిల్లకు ఒక ఏడాది పోగొట్టానని చెప్పాలి. లక్ష్మణమ్మ తిట్టలేదు. నా చేతుల్లోంచి చేపలు తిరిగి తీసుకుంది. కూతురి రెక్క పట్టుకుని, "పదే" అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

"ఇప్పుడు నీ కడుపు నిండిందా?" అన్నారు ఎజ్రా. ఆ తర్వాత ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఈసారి మధ్యవర్తిగా అత్తగారు కూడా మాట్లాడలేదు. ఆశ్చర్యంగా, ఆ మౌనం నేను భయపడినంత పెద్దదేం కాదు. అందులో అన్నం వండుకోవచ్చు, నిద్రపోవచ్చు. ఇంత చిన్నదానికా నేను ఆ పిల్లను వదిలేసింది అనుకుంటే మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

ఐదో రోజు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. పల్లెలో అడుగుతూ వెళితే, అనూరాధ ఇంటి ముందు ఇసుకలో గోనెపట్టా పరిచి నెత్తళ్ళ చేపలు ఎండేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"సారు పంపేరా?"

"లేదు. నేనే వచ్చాను. నీకు అభ్యంతరం లేకపోతే మళ్ళీ పరీక్ష దాకా వచ్చి చెప్తాను."

"ఏడాది పోయింది కదా మేడమ్."

"పోయింది. నా వల్లే."

ఆ పిల్ల నెత్తళ్ళు సర్దుతూనే ఉంది. "నాను సేసింది రైటని నాకు తెలుసు. మీరంతా పెద్దోలు కదాని తుడిసేసేను" అంది. కాసేపటికి లేచి చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మా ఆయన ఎప్పుడూ వదిలేసే అధ్యాయం, ఇనపకమ్మీల వంతెన లెక్క. "మీరు సెయ్యండి. నాను సూస్తాను" అంది.

ఇసుకలో కూర్చుని మొదలుపెట్టాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఒక కమ్మీ దాకా బాగానే వచ్చింది, రెండోది కూడా. మూడో దగ్గర ఆగిపోయాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే ఆగింది. చెమట కాగితం మీద పడుతోంది. అనూరాధ రెప్ప వేయకుండా నా చేతివైపే చూస్తోంది. ఏదో ఒక అంకె వేసి, పుస్తకంలోది ప్రింటు తప్పని చెబితే ఆ పిల్ల నమ్మినా నమ్ముతుంది.

పెన్ను కింద పెట్టాను.

"ఇది నాకు రావడం లేదు అనూరాధా. చూసుకుని రేపొచ్చి చెప్తాను" అన్నాను. మా ఇంట్లో ఎవరి నోటా ఇంతవరకు నేను వినని మాట అది.