ఏలీ జుట్టు మీద తాయారు మొక్కు

తాయారుకి నోటి తొందర ఎక్కువ. మనుషుల ముందరే కాదు, దేవుడి ముందర కూడా అంతే. ఆలోచించి మొక్కే రకం కాదు, మొక్కి ఆలోచించే రకం.

అంబత్తూరులో వాళ్ళ మేడమీద అద్దెకుండేది ఎహూద్, రివ్కా అనే యూదు దంపతులు. ఇజ్రాయెల్ నుంచి వచ్చారు. పొలాలకు చుక్కచుక్కగా నీళ్ళు పారించే గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో ఎహూద్‌కి ఉద్యోగం. వాళ్ళ కొడుకు ఏలీ ఏడాది పిల్లోడుగా ఈ ఇంట్లో దిగాడు, ఇప్పుడు మూడేళ్ళు నిండబోతున్నాయి. మేడమీద పడుకునేవాడే గానీ పెరిగిందంతా కింద తాయారవ్వ వంటింట్లోనే. అందుకే వాడికి మాటలు మన మాటల్లోనే వచ్చాయి. రివ్కా కూడా తాయారు దగ్గరే అంతో ఇంతో తెలుగు పట్టింది.

ఏలీకి పుట్టినప్పటినుంచి తలమీద కత్తెర పడలేదు. బంగారు రింగులు భుజాల మీద ఆడుతుంటే తాయారు నూనె రాసి, జడేసి, కనకాంబరాలు పెట్టేది. వీధిలో సగంమంది వాణ్ణి ఆడపిల్ల అనే అనుకునేవాళ్ళు.

పోయిన నవంబరు వానల్లో వాడికి టైఫాయిడ్ వచ్చింది. తొమ్మిది రోజులు ఒళ్ళు పెనంలా కాలిపోయింది. రివ్కా ఆస్పత్రిలో కూర్చుంటే తాయారు పూజగూడు ముందర కూర్చుంది. "ఏడుకొండలవాడా, పిలకాయ లేచి తిరిగితే వాడి తలనీలాలు నీకే ఇప్పిస్తా!" అని మొక్కేసింది. పదో రోజు జ్వరం దిగింది.

ఈ మొక్కు సంగతి కన్నతల్లికి చెప్పాలని ఆ మహాతల్లికి తోచనే లేదు. చెప్పేదేముంది? మూడేళ్ళొస్తున్నా బిడ్డకి పుట్టువెంట్రుకలు తియ్యలేదంటే వాళ్ళకీ ఏదో మొక్కు ఉన్నట్టే కదా. ఆ రోజొస్తే అందరం కలిసి తిరుపతి బస్సెక్కుతాం అనుకుంది, అంతే.

మే నెలలో ఒకరోజు రివ్కా కిందికొచ్చి, నవ్వుతా చెప్పింది.

"అమ్మా, బుధవారం సాయంత్రం ఏలీకి జుట్టు తీస్తాం. పక్క ఖాళీ స్థలంలో పెద్ద మంట వేస్తాం. మీరిద్దరూ రావాల."

"ఈడనా?" అని మాత్రం అంది తాయారు.

ఆమె భర్త గోవిందస్వామికి వేరే సందేహం. "అగ్ని నక్షత్రం రోజుల్లో మంటేందమ్మా? ఎండకే మాడి చస్తా ఉండామే!"

రివ్కా కూర్చుని వివరంగా చెప్పింది. వాళ్ళ పస్కా పండగ రెండోనాటి నుంచి నలభైతొమ్మిది రోజులు వాళ్ళు రోజూ సాయంత్రం లెక్క పెడతారట. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు లేవు, క్షవరాలు లేవు, పాటలు లేవు. ముప్పైమూడో రోజు ఒక్కటే విడుపు. ఆ సాయంత్రం మంటలేస్తారు. మూడేళ్ళ మగపిల్లలకి మొదటిసారి జుట్టు తీస్తారు. వచ్చినవాళ్ళంతా తలా ఒక రింగు కత్తిరించాలి.

"ఓహో, మన మూఢం మాదిరి! అందుకా మీ ఆయన గడ్డం పెంచింది? నీతో పోట్లాడి సన్యాసంలో కలుస్తాడేమో అనుకుంటి" అన్నాడు గోవిందస్వామి. రివ్కా పొట్ట పట్టుకుని నవ్వి మేడెక్కింది.

ఆమె అటు పోగానే తాయారు ఇటు మొక్కు సంగతి కక్కేసింది. గోవిందస్వామి నెత్తి కొట్టుకున్నాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవురి బిడ్డ జుట్టు ఎవురే మొక్కేది?"

"తప్పయిపాయె! మొక్కు తీరకపోతే పెరుమాళ్ళు ఊరుకుంటాడా? మళ్ళీ ఆ జ్వరం వస్తే?" తాయారుకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పోయి చెప్పు మరి."

"చెప్తే వద్దంటారయ్యా."

రెండు రోజులు అన్నం సయించలేదు ఆమెకి. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఎలాగూ తన వంతుకి ఒక రింగు వస్తుంది. దాన్ని కొంగున ముడేసుకుని, చడీచప్పుడు లేకుండా కొండకి పంపిస్తే సరి. వాళ్ళకి తెలియదు, స్వామికి అందుతుంది.

బుధవారం పొద్దుగూకినాక సవుకు కట్టెలు భగ్గుమన్నాయి. ఫ్యాక్టరీవాళ్ళు పదిమంది వచ్చారు. కాల్చుకు తినడానికి నిప్పుల్లో ఉర్లగడ్డలు పడేశారు. అది కూడా ఆ పండగ ఆచారమేనట. ఏలీ వెదురు విల్లు పట్టుకుని అందరి కాళ్ళకీ బాణాలేస్తున్నాడు. వాణ్ణి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఎహూద్ మొదటి రింగు కత్తిరించాడు. చెవుల ముందరి కుచ్చులు మాత్రం ఉంచెయ్యాలి, అది వాళ్ళ శాస్త్రం. తాయారు వంతు వచ్చింది. మెడ వెనక రింగు కత్తిరించి గుప్పిట్లో దాచి, చీకటి వైపు తిరిగి కొంగున ముడేసింది.

తర్వాత ఎహూద్ ఇంగ్లీషులో కథ చెబుతుంటే గోవిందస్వామి పెళ్ళానికి తెలుగులో అందించాడు.

"ఈ పొద్దు ఒక మహాజ్ఞాని కాలం చేసినాడంట. పొయ్యే ముందర చెప్పిన మాటలకి ఇల్లంతా వెలుగైపోయిందంట, అందుకే ఈ మంట. ఇంకోటి విను. ఒక గురువుకి ఇరవైనాలుగు వేలమంది శిష్యులంట. అందరూ చదువరులే, ఒకరంటే ఒకరికి మాత్రం మర్యాద లేదు. అందుకని ఈ రోజుల్లోనే మాయరోగమొచ్చి రాలిపోయినారు. ముప్పైమూడో రోజు చావులు ఆగినాయంట. నా మీద గుడ్లురమబాకే, సారు చెప్పిందే చెప్తా ఉండా."

తాయారుకి కొంగు బరువెక్కింది. ఒకరి బిడ్డ జుట్టు దొంగతనంగా ముడేసుకుని వాళ్ళ పండగలోనే కూర్చోవడమా? ఛీ, ఏం బతుకు! లేచి రివ్కా దగ్గరికి పోయి, ముడి విప్పి, జ్వరం నాటినుంచి జరిగిందంతా చెప్పేసింది. రివ్కా మొగుడికి వాళ్ళ భాషలో చెప్పింది.

ఎహూద్ ఆమె ముందర నేలమీద కూర్చుని నిదానంగా చెప్పాడు. ఈసారి గోవిందస్వామి వేళాకోళం కలపకుండా తెలుగులో అందించాడు.

"'నా బిడ్డ కోసం నువ్వు మొక్కింది నేను జన్మలో మరిచిపోను అమ్మా. అయితే మా వెంట్రుక ఒక్కటి కూడా ఇంకో దేవుడి గుడికి మేం ఇయ్యకూడదు. అది మా కట్టడి. నన్ను మన్నించు' అంటా ఉండాడే."

"నువ్వెందుకు సారూ మన్నించమనేది!" అని తాయారు ఆ రింగు అతని అరచేతిలో పెట్టేసింది. మనసు తేలికైంది. భయం మాత్రం పోలేదు. మొక్కు మొక్కుగానే ఉంది కదా.

మర్నాడు తెల్లారకముందే మొగుణ్ణి లేపి తిరుపతి బస్సెక్కించింది. "ఎందుకే?" అంటే "నోరు మూసుకుని రా" అంది. కల్యాణకట్టలో మంగలి ముందర తనే కూర్చుని జుట్టు ముడి విప్పేసరికి గోవిందస్వామికి అర్థమైంది. యాభైయెనిమిదేళ్ళొచ్చినా ఇంకా నడుం దాటే జుట్టు ఆమెది.

"స్వామీ, మొక్కిన నోరు నాది. తల కూడా నాదే తీసుకో. పిలకాయ జోలికి పోబాక" అంది తాయారు, చేతులు జోడించి. కత్తి పడుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చింది. లేచేసరికి ప్రాణం హాయిగా ఉంది.

శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి మేడవాళ్ళు ముగ్గురూ మెట్ల దగ్గరే ఉన్నారు. గాలికి తాయారు తలమీది కొంగు జారింది. రివ్కా ఒక్క క్షణం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పరుగున వచ్చి వాటేసుకుంది.

"ఏడవబాకమ్మా, వచ్చే ఏటికి వచ్చేస్తుంది" అంది తాయారు. ఎహూద్ తల వంచి రెండు చేతులూ జోడించాడు.

ఏలీ మాత్రం అవ్వని కిందికి లాగి కూర్చోబెట్టాడు. గుండుని రెండు చేతులతో నిమిరాడు. కుచ్చుల కోసం ఆ చెవి ముందర చూశాడు, ఈ చెవి ముందర చూశాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"అవ్వా, నీకు కూడా మూడేండ్లు నిండినాయా?"

తాయారు వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

"నిండినాయి నాయనా. నిన్ననే నిండినాయి."