సగంలో ఆగిన స్లాబు

స్లాబు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, వానకు కారుతుంది. పాలమూరు కూలీకి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరి తట్ట పడ్డాకే బువ్వ.

ఆ పట్టింపే ఈరమ్మ కొంప ముంచింది. ఆమె మొగుడు దానియేలు గద్వాలలో రెండో అంతస్తు స్లాబు పోస్తుంటే కింద ఆనించిన సెంట్రింగ్ కర్ర విరిగి కింద పడ్డాడు. నడుము విరిగింది. ఇద్దరు మగవాళ్లు ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. "మాలు గట్టిపడ్తది, నువ్వు ఆగు" అని మేస్త్రీ చెన్నయ్య అంటే, ఈరమ్మ ఏడ్చుకుంటూనే తట్ట మోసింది. స్లాబు పూర్తయింది. పొద్దు గూకేసరికి విరిగిన కర్రలు మాయమయ్యాయి.

కాంట్రాక్టర్ బాలకృష్ణ ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఈరమ్మ అర్జీ పెడితే కార్మిక శాఖ అధికారి ముందు నిలబడి, "దానియేలా? నా దగ్గర గసోంటోడు ఎవడూ చెయ్యలే సార్" అన్నాడు. వాడి నోరు పడ! అతని కూలీ అని రుజువైతేనే నష్టపరిహారం. లేకుంటే దానియేలుకు మందూ లేదు, ఇంట్లో బువ్వా లేదు.

కూలీల ముఠా అంతా చెన్నయ్య గుడిసె ముందు కూడింది.

"సాక్ష్యం చెప్తే పని పోతది," అన్నాడు చెన్నయ్య.

"చెప్పకుంటే నడుము పోతది మామా. మొన్న దానియేలుది, రేపు నీది," అంది తట్టలు మోసే సరిత.

ఈరమ్మ లేచి నిలబడింది. "స్లాబు పాడైతదని నా మొగుణ్ణి ఇడిసిపెట్టి తట్ట మోసిన. మనిషి పాడైతే ఎవడన్న చూసిండా? పైస్లాబు రోజు సగంల కూసుందాం."

సగం స్లాబు ఆపడమంటే అన్నంలో మన్ను పోయడమే వాళ్లకు. చివరికి ఒక్కొక్కరే తలూపారు.

పైస్లాబు రోజు ఎండ మండుతోంది. సగం పోత అయ్యాక ఈరమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. పక్కన సరిత. వెనక అందరూ. కింద మాలు కలిపే మిల్లర్ ఆగింది.

బాలకృష్ణ ఉరికొచ్చాడు. "అక్కా, జర సోంచాయించు. మాలు గట్టిపడ్తది!"

"అధికారి కాడికొచ్చి, దానియేలు నా కూలోడే అని చెప్పు. లేస్తం."

అతను పోలీసులకు ఫోన్ కొట్టాడు. ఎస్సై మెట్లెక్కి వచ్చాడు. "ఎవరమ్మా మీరు? పరాయి బిల్డింగ్ మీద ఏంది ఈ లొల్లి?"

"మేం ఎవ్వరమో ఆయననే అడుగు సారూ," అంది ఈరమ్మ.

మాలు పైన పొర కడుతోంది. బాలకృష్ణకు ఒళ్లు తెలియలేదు. "నా కూలోళ్లే సార్! రెండేండ్ల సంది నా బువ్వ తింటుండ్రు. దానియేలుగాడు పడ్డనాడు గూడ పని ఆపలే, ఇయ్యాల ఆపుతరా!"

అని నాలుక కరుచుకున్నాడు.

"ఇన్నవా సారూ?" అరిచింది సరిత.

ఎస్సై మొహం తిప్పుకున్నాడు. "నడువుండ్రి, వ్యాన్ ఎక్కుండ్రి!"

అందరికంటే ముందు చెన్నయ్యే ఎక్కాడు. "నేను ఇన్న. అధికారి ముంగట నేనే చెప్త. పని పోతే పోనీ!"

వ్యాన్ కదిలింది. వీధి అవతల ఇంకో మేడ మీద కూలీలు పిట్టగోడ దగ్గరికి వచ్చి చూస్తున్నారు. వాళ్ల మిల్లర్ ఇంకా గర్రుమంటోంది. ఈరమ్మ కిటికీ కమ్మీల్లోంచి పిడికిలి బయటపెట్టింది.

అవతల మిల్లర్ ఆగింది.