ఆది బట్టల సంచీ

మా ఆయనకి ఇల్లు ఖాళీ చేసే పిచ్చి పట్టింది. రోజుకో వస్తువు గడప దాటాలట. ఆఫీసులో ఎవడో ఎక్కించాడు. మొదట్లో నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు? కాలు విరిగిన కుర్చీ పోయింది, పాత పేపర్లు తూకానికి పోయాయి, తిరగని ఫ్యాను పోయింది. ఇంట్లో కాస్త గాలి ఆడింది.

తరవాత చూస్తే పోయేవన్నీ నావే. ఆయన వైర్ల పెట్టె మాత్రం మంచం కింద మహారాజులా ఉంది. అడిగితే, ఎప్పుడైనా అవసరమవుతాయట. ఒళ్ళు మండింది, అయినా నోరు మూసుకున్నాను. నాదే బుద్ధి తక్కువ.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. కొలతకని ఎవరికి వాళ్ళు ఒంటికి సరిగ్గా పట్టే పాత బట్టొకటి నా దగ్గర ఉంచుతారు. దాన్నే ఆది అంటాం. అలాంటివి పద్దెనిమిది, మిషను వెనక సంచీలో ఉండేవి. మంగళవారం నేను దారాలు కొనుక్కొచ్చేసరికి సంచీ లేదు. మాసిన గుడ్డలనుకుని పాతబట్టల బండికి ఇచ్చేశాడు ఈ మహానుభావుడు. పైగా మెచ్చుకుంటానని మొహం వెలిగించుకుని నిలబడ్డాడు.

ఆ బండివాళ్ళ గోడౌనుకి పరిగెత్తాను. అప్పటికే అన్నిటినీ యంత్రాలు తుడిచే పీలికలుగా కోసేశారు.

పదిహేడు మందికి టేపు పెట్టి మళ్ళీ కొలుచుకుంటాను, తిట్లు తింటాను. నా భయమంతా లైబ్రరీ మేడమ్ గురించే. ఆవిడ వెన్ను ఒక పక్కకి వంకర. ఎప్పుడో ఒక ముసలి దర్జీ కుట్టిన జాకెట్టు ఒక్కటే ఆవిడకి కుదిరింది. ఆయన పోయాక ఎవరికీ ఆ కుదురు రాలేదు. నలుగురిలోకి వెళ్ళాలంటే అదే వేసుకునేది. సోమవారం ఆవిడ రిటైర్మెంటు సభ, స్టేజీ ఎక్కాలి. దాన్ని చూసి కొత్తది కుట్టమని, ఒకటికి రెండుసార్లు ఆలోచించి నా చేతిలో పెట్టింది.

గురువారం ఆవిడ వచ్చింది. మా ఆయన మెల్లగా వెనక గదిలోకి జారుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీ నోటితో మీరే చెప్పండి" అన్నాను.

చెప్పాడు. బాగా చిరిగిపోయిందనీ, ఎవరికీ అక్కర్లేదనుకున్నాననీ నీళ్ళు నమిలాడు. మంచి రెడీమేడ్ జాకెట్టు కొనిస్తానని కూడా అన్నాడు. సిగ్గుండాలి మనిషికి.

ఆవిడ తిట్టలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

"చిరిగిందని నాకూ తెలుసు బాబూ. అది వేసుకుంటే నా వీపు వంక ఎవరూ చూసేవాళ్ళు కాదు."

ఇక సభకి వెళ్ళనులే అంది నాతో. వెళ్ళి తీరాలన్నాను. టేపుతో కొలవాలంటే చేతులెత్తి నిలబడాలి, ఆవిడకి అది నరకం. అయినా సరేనంది.

కొలతల పుస్తకం మా ఆయన చేతిలో పెట్టి, తలుపు అవతల నిలబెట్టాను. లోపల ఆవిడ మూలిగినప్పుడల్లా ఒక్కో అంకె గట్టిగా చెప్పాను. ముప్ఫై రెండు అంకెలు. అన్నీ రాసుకున్నాడు. రాసుకోక ఛస్తాడా.